నల్లకోటు గారికి లాయరమ్మ రాయునది

బెంగళూరు,
సిటీ సివిల్ కోర్టు వరండా నుంచి.

మహారాజశ్రీ నల్లకోటు గారికి నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం, తమరు కూడా క్షేమమని తలుస్తాను. ఎండాకాలంలో కింది కోర్టులకు తమరు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ రూలు ఉంది. అయినా ఏప్రిల్ ఎండలో కూడా తమర్ని మోస్తూనే ఉన్నాను. ఎందుకంటే తమరు ఒంటిమీద లేకపోతే కోర్టులో నన్ను కక్షిదారు అనుకుంటారు. తమరున్నా అనుకుంటున్నారు. ఈ ఉత్తరం అందుకే.

తమరిని తొడుక్కుంటే లోపల ఎవరున్నారో ఎవరూ చూడరని, లాయరు మాత్రమే కనిపిస్తాడని లా కాలేజీలో చెప్పారు. కనిపిస్తాడు, నిజమే. కనిపిస్తుంది అని వాళ్లు అనలేదు, నేనే సరిగ్గా వినలేదు.

మొన్నటి సంగతి చూడండి. హిందూపురం నుంచి ఒక అక్క వచ్చింది. వాళ్ల ఉమ్మడి కుటుంబానికి యెలహంకలో ఉన్న సైటులో వాటా కోసం అన్నదమ్ముల మీద పార్టిషన్ దావా వేసింది. ప్లెయింటు, అంటే దావా కాగితం, రాసింది నేను, వాదిస్తున్నది నేను. నా పక్కన నిన్నగాక మొన్న ఎన్‌రోల్ అయిన కుర్ర జూనియర్, నా ఫైళ్లు పట్టుకుని ఉన్నాడు. ఆ అక్క నేరుగా వాడి దగ్గరికెళ్లి రెండు చేతులూ జోడించి, "సార్, మన కేసు యాడికొచ్చె?" అంది. వాడు బిక్కమొహం వేసి నా వైపు చూపించాడు. అప్పుడు ఆవిడ నన్ను చూసి, "ఓ, నువ్వుండావా మ్మా. పెద్ద సార్ రాలేదా?" అని అడిగింది. ఏ పెద్ద సార్? మా ఆఫీసులో పెద్ద సార్ అంటే గోడమీద వేలాడే వెంకటేశ్వరస్వామే. వాడు వేసుకున్నదీ తమరినే, నేను వేసుకున్నదీ తమరినే. కాకపోతే వాడి కోటుకి లోపల రెండు జేబులున్నాయి. నాకు కుట్టిన టైలర్, "లేడీస్ కోటుకి లోపలి జేబెందుకు మేడమ్, షేపు పోతుంది" అన్నాడు. ఫీజు పెట్టుకోవడానికయ్యా.

లోపల హాల్లో ఇంకో ముచ్చట. అవతలి వకీలు గారు మగ లాయర్లని 'లర్నెడ్ ఫ్రెండ్', అంటే పండితులైన మిత్రులు, అంటారు. నన్ను మాత్రం 'చెల్లెలి లాంటి మేడమ్' అంటారు. ఎంత ఆప్యాయత! ఆ నోటితోనే, "పెళ్లికి బంగారం పెట్టి పంపారు యువరానర్, ఇంకా సైటులో వాటా ఏమిటి?" అని వాదించారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా అని ఆంధ్రప్రదేశ్ 1985లోనే చెప్పింది, కర్ణాటక 1994లో, దేశం మొత్తానికి 2005లో. తండ్రి 2005 నాటికి బతికున్నాడా పోయాడా అన్న పేచీ కూడా 2020లో వినీతా శర్మ కేసుతో సుప్రీంకోర్టు తేల్చేసింది: పుట్టుకతోనే హక్కు. ఇవన్నీ మా అన్నయ్యగారికి తెలియవా? తెలుసు. వరుస కలిపితే నేను కాస్త మెత్తబడతానేమోనని ఆశ. సొంత చెల్లెలికే వాటా ఇవ్వనివాళ్ల తరఫున వాదిస్తూ నన్ను చెల్లెల్ని చేసుకోవడమే నాకు మింగుడు పడలేదు.

తమరి వంశచరిత్ర కూడా కొంచెం తిరగేశాను. 1916లో రెజీనా గుహ అనే ఆవిడ ప్లీడరుగా నమోదు చేసుకోమని అడిగితే, కలకత్తా హైకోర్టులో ఐదుగురు జడ్జీలు కూర్చుని, చట్టం చెప్పేది మగవాళ్ల గురించే అని తీర్పిచ్చారు. ఒక్క ఆడమనిషిని గుమ్మం బయట ఆపడానికి ఐదుగురు! 1923లో ప్రత్యేకంగా చట్టం తెస్తేగానీ తమరు దేశమంతటా మా భుజాలకు దక్కలేదు.

సరే, పాత గొడవ వదిలేద్దాం. 2024లో మన కబ్బన్ పార్కు పక్కనున్న ఎర్ర బిల్డింగులో, సాక్షాత్తూ హైకోర్టులో, అవతలి పార్టీ గురించి ఏదో చెప్పబోయిన మహిళా లాయరుతో జడ్జిగారు, వాళ్ల లోదుస్తుల రంగు కూడా నీకు తెలిసుంటుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. కోర్టు లైవ్ వీడియోలో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, జడ్జిగారు విచారం వ్యక్తం చేశారు, ఫైలు మూసేశారు. ఆ రోజు ఆవిడ ఒంటిమీద తమరే ఉన్నారు కదా? ఏం కప్పారండీ తమరు? అంతకు ముందు ఏడాదే అదే సుప్రీంకోర్టు, ఆడవాళ్ల గురించి తీర్పుల్లో ఏ మాటలు వాడకూడదో ఒక పుస్తకమే వేసింది. 'కెరీర్ వుమన్' అనక్కర్లేదు, 'వుమన్' అంటే చాలట. పుస్తకం బావుంది. నోటికి బైండింగ్ వేయలేరు, అంతే.

బార్‌లో మా వాటా గురించి కూడా విన్నవించాలి. అడ్వొకేట్స్ అసోసియేషన్ బెంగళూరులో ట్రెజరర్ పోస్టు ఆడవాళ్లకు కేటాయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పాల లెక్క, చీటీల లెక్క రాసే చేతులే కాబట్టి ఎవరికీ పెద్దగా టెన్షన్ ఉండదు. ప్రెసిడెంటు పోస్టు అంటే కథ వేరేగా ఉండేది.

ఇక పైమెట్టు. సుప్రీంకోర్టు 1950లో మొదలైతే, తొలి మహిళా జడ్జి ఫాతిమా బీవీ గారు 1989లో వచ్చారు. అప్పుడు చీఫ్ జస్టిస్ మన మైసూరు రాష్ట్రానికి అడ్వొకేట్ జనరల్‌గా చేసిన వెంకటరామయ్య గారు. ఆయన కూతురు జస్టిస్ నాగరత్న గారు ఈ బెంగళూరులోనే తమరిని తొడుక్కుని ప్రాక్టీసు మొదలుపెట్టారు. సీనియారిటీ లెక్క ప్రకారం 2027 సెప్టెంబరులో ఆవిడ దేశానికి తొలి మహిళా చీఫ్ జస్టిస్ కావాలి. ఎన్నాళ్లపాటు అంటారా? 36 రోజులు. దసరా కూడా అందులోనే. మా హిందూపురం అక్క కేసులో ఒక వాయిదాకీ ఇంకో వాయిదాకీ మధ్య అంతకంటే ఎక్కువ రోజులే ఉంటున్నాయి.

ఇట్లు,
తమరి లోపలున్న వకీలు.

తా.క.: టైలర్‌కి మీరైనా ఒక మాట చెప్పండి. రెండు జేబులు.