మెట్ల మీద కాపురం

మా డీటీపీ షాపు విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉంది. పగలు దాని మెట్లు నావి, రాత్రి పది దాటితే బాబాయివి. పదకొండేళ్ళుగా ఈ షిఫ్టు పద్ధతి గొడవ లేకుండా నడుస్తోంది.

బాబాయి పెళ్ళిళ్ళ కేటరింగ్‌లో గిన్నెలు తోముతాడు. ముహూర్తాలుంటే డబ్బులు, మూఢం వస్తే పస్తులు. ఒకరోజు వచ్చి, "మేస్టారూ, ఊళ్ళో అందరి కార్డులకీ ప్లాస్టిక్ వేస్తారు గదా, నాకూ ఒకటి వెయ్యండి" అన్నాడు. వెయ్యాలంటే లోపల కార్డు ఉండాలి బాబాయ్ అంటే, "అదీ మీరే చేసెయ్యండి" అన్నాడు. నాకు జైలు భోజనం పడదు కాబట్టి, పద్ధతి ప్రకారం వెళ్దామన్నాను.

ఏ కాగితమూ లేనివాడికి ఆధార్ కావాలంటే ఓ గెజిటెడ్ ఆఫీసరు ఫోటో మీద సంతకం పెట్టి స్టాంపు కొట్టాలి. "ఈయనెవరో నాకు తెలీదు గదండీ" అన్నారు మొదటాయన. రెండో ఆయనా అదే పాట. మూడో ఆయన మా షాపుకి శుభలేఖల తాలూకు బాకీ ఉన్నారు. ఆయనకి బాబాయి వెంటనే తెలిసిపోయాడు.

సెంటర్లో పిల్ల పుట్టిన తేదీ అడిగింది. "దివిసీమ ఉప్పెన నాటికి నాకు నూనూగు మీసాలమ్మా" అన్నాడు బాబాయి. ఆ పిల్ల నావైపు చూసింది. 1977 నవంబరు అన్నాను. పదహారేళ్ళు తీసేసి 1961 వేసింది, తేదీ జనవరి 1. "అందుకా ఆ రోజు ఊరంతా టపాసులు కాలుస్తారు!" అని బాబాయి మురిసిపోయాడు. తర్వాత మెషిను పది వేళ్ళూ, రెండు కళ్ళూ అడిగింది. కళ్ళు ఇచ్చాడు. వేళ్ళే రాలేదు. నలభై ఏళ్ళు డేగిసాలు రుద్దిన చేతులు మరి, గీతలన్నీ ఏ పెళ్ళివారింట్లో కరిగిపోయాయో! తడిగుడ్డతో తుడిచి, నొక్కి, మళ్ళీ తుడిచి నొక్కితే ఆరోసారికి మెషినే విసుగొచ్చి ఒప్పుకుంది. పద్నాలుగంకెల నంబరుతో రసీదు ఇచ్చారు. కార్డు వచ్చేదాకా ఆగలేక బాబాయి దానికే ప్లాస్టిక్ వేయించుకుని బనీను లోపలి జేబులో దాచుకున్నాడు.

ఇక ఓటు. ఇల్లు లేనివాళ్ళ విషయంలో ఎన్నికల సంఘం రూలు నిజంగా బాగుంటుంది. చిరునామాకి రుజువు అక్కర్లేదు. ఫారం 6లో ఎక్కడ పడుకుంటారో రాస్తే, బీఎల్‌ఓ, అంటే బూత్ లెవెల్ ఆఫీసరు, రాత్రిపూట వచ్చి మనిషి అక్కడే పడుకున్నాడా లేదా అని చూసుకోవాలి. అదీ ఒక్క రాత్రి చూస్తే చాలదు. 'ఫలానా డీటీపీ షాపు మెట్లు' అని నా చేత్తోనే నింపాను. ఇంత మంచి రూలుకి మాఘమాసం అడ్డొస్తుందని నాకేం తెలుసు?

బీఎల్‌ఓ మేడమ్ వస్తానన్న రాత్రే బాబాయికి అర్ధరాత్రి ముహూర్తం తగిలింది. "స్థలం ఖాళీగా కనిపిస్తే రైల్వేస్టేషన్ బ్యాచ్ వచ్చి వాలుతుంది మేస్టారూ, కాస్త చూస్తూ ఉండండి" అని వెళ్ళిపోయాడు. సరే, మేడమ్‌కి నేనే సర్దిచెబుదామని కూర్చున్నాను. మా కుర్రాడు నా ఫోనూ పర్సూ లోపలుండగానే షట్టర్ దించేసి, తాళాలు జేబులో వేసుకుని సింగ్‌నగర్ వెళ్ళిపోయాడు. దోమలకి భయపడి బాబాయి దుప్పటి కప్పుకున్నాను. అట్టపెట్టె పరుపు ఇంత మెత్తగా ఉంటుందని అనుకోలేదు.

కళ్ళలో టార్చి పడింది. "తాతా, లే! గడ్డం ఎప్పుడు తీయించావ్?"

ఎదురుగా బీఎల్‌ఓ మేడమ్. వెనక స్కూటీ మీద ఆవులిస్తూ వాళ్ళాయన. తాతా అన్నందుకు నాకు మండింది. నాకు యాభై రెండే.

"నేను ఆయన కాదు మేడమ్, ఈ షాపు ఓనర్ని."

"ఓనరైతే మెట్ల మీద పడుకోవడమెందుకు?"

ఇంట్లో గొడవైందేమోనని వాళ్ళాయన నావైపు జాలిగా చూశాడు. ఈలోగా బీటు కానిస్టేబుల్ బండి ఆపాడు. "ఆధార్ చూపించు" అన్నాడు. లోపలుందన్నాను. తియ్యమన్నాడు. తాళాలు సింగ్‌నగర్లో ఉన్నాయన్నాను. నా తలమీద 'ఇచ్చట ఆధార్ కార్డులు ప్రింటు, లామినేషన్ చేయబడును' అనే బోర్డు వెలుగుతూనే ఉంది.

"నువ్వెవరో నాకు తెలీదు గదా" అన్నాడు కానిస్టేబుల్. ఈ మాట ఎక్కడో విన్నాననుకున్నాను.

మేడమ్ ఇంకో రాత్రి వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నన్ను స్టేషన్‌కి పద అంటుండగా, సందు మలుపులో క్యారీబ్యాగు ఊపుకుంటూ బాబాయి కనిపించాడు.

"ఆయన మా మేస్టారు సార్. పదకొండేళ్ళుగా ఎరుగుదును."

"నువ్వెవరు?"

బాబాయి బనీనులో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ వేసిన రసీదు తీశాడు. కానిస్టేబుల్ టార్చి వేసి పద్నాలుగంకెలూ చదివాడు. "చూశారా, రాత్రిపూట తిరిగేటప్పుడు ఇలా దగ్గర పెట్టుకోవాలి" అన్నాడు నాతో. బాబాయి క్యారీబ్యాగు విప్పి ఆయనకి రెండు బూరెలు ఇచ్చాడు. నాకు ఒకటే మిగిలింది.

నాలుగు రోజుల తర్వాత మేడమ్ మళ్ళీ వచ్చింది. బాబాయి ఆరోజు ముహూర్తం కూడా మానుకుని, ఎనిమిదింటికే దుప్పటి ముసుగేసి గురక పెడుతున్నాడు. మేడమ్ ఫోటోతో పోల్చుకుని రాసుకుంది. షట్టర్ వేస్తున్న నన్ను చూసి ఆగింది.

"మరి మీ పేరు కూడా ఇక్కడే రాయమంటారా అండీ?"