తడికట్టెల దిగులు

వానాకాలంలో మా మేనత్తకు కోడి కూయకముందే మెలకువ వచ్చేది, కట్టెల ధ్యాసతో. రాత్రి జల్లు కొట్టిందంటే పంచలో పేర్చిన పత్తికట్టె తడిసి ఉంటుంది. ఊదుగొట్టంతో ఎంత ఊదినా పొగే తప్ప మంట రాదు. బడికి వెళ్లాల్సిన పిల్లలు కంచాలు పట్టుకుని గడపలో కూర్చునేవాళ్లు. "ఇంకా కాలేదా?" అని మామయ్య ఒక్క మాట అనేవాడు. ఆ మాట సాయంత్రం దాకా ఆవిడ మనసులో మెదిలేది.

వంటింటి పొగ అనగానే మనం ఊపిరితిత్తుల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఇళ్లలోని కాలుష్యం 2020లో 32 లక్షల మందిని బలితీసుకుంది. అయితే ఈ దిగులు ఆ లెక్కలోకి రాదు. కలుషితమైన గాలికీ మానసిక కుంగుబాటుకూ సంబంధం ఉందని కొన్ని దేశాల అధ్యయనాలు సూచించాయి. గ్యాస్ ఉన్న ఇంట్లో కుంగుబాటు తక్కువ కనిపించినా, అది తరచూ కాస్త కలిగిన ఇల్లు కూడా కాబట్టి, ఊరట ఇచ్చింది గ్యాసా, కలిమా అని విడదీయడం కష్టం. నా మటుకు నాకు పొగతోపాటు ఆ ధ్యాసనూ జబ్బుగానే చూడాలనిపిస్తుంది. రేపటికి కట్టె ఉందా, ఆలస్యమైతే ఎవరేమంటారు అన్న ఆలోచనకు సెలవు ఉండదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. నిమిషాలైతే లెక్కకొచ్చాయి, ధ్యాస రాలేదు.

పేదింటి ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే దీపం పథకం మన దగ్గర 1999లోనే వచ్చింది, అలాంటిదే కేంద్రం పథకం ఉజ్జ్వల 2016లో వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. దేశంలోని పల్లెల్లో అది 43.2 శాతమే. మనం మెరుగే. కాకపోతే ఆ సర్వే అడిగింది ప్రధానంగా ఏది వాడతారని. పెరట్లో నీళ్లు కాగే పొయ్యి, గ్యాస్ బండ అయిపోతే మళ్లీ రాజుకునే పొయ్యి అందులో కనిపించవు.

బండ వచ్చాక మేనత్త దిగులు రూపం మార్చుకుంది. తడిగుడ్డతో బండను తుడిచి, తడి ఎక్కడిదాకా ఆరకుండా నిలిచిందో వేలితో చూసేది. గ్యాస్ అంతవరకే ఉందని గుర్తు. తరవాత పప్పు కట్టెల పొయ్యి మీదికి, టీ మాత్రం గ్యాస్ మీదికి.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ మొదలయ్యాయి. మంచి పనులు. కానీ రెండుచోట్లా మొదట పెట్టిన పద్ధతి ఒకటే: ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తరవాత ఖాతాలో పడుతుంది. కూలికి వెళ్లే మనిషికి ఆ మొత్తం ఒక్కసారిగా చేతిలో ఉండదు. మొగుణ్ని అడగాలి, లేదంటే చేబదులు తేవాలి. కనెక్షన్ భర్త పేరున ఉంటే తిరిగొచ్చే డబ్బూ ఆయన ఖాతాకే. అడుక్కోవడంలోని చిన్నతనం మళ్లీ ఆడమనిషి మీదే పడుతుంది. రాయితీని బండ దింపేటప్పుడే ధరలో తగ్గించాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త "నిద్ర పడుతోందా అమ్మా" అని అడిగినప్పుడు, "ఇంట్లో బండ ఉందా, ఎన్నాళ్లకొస్తుంది" అని కూడా అడగాలి.