‘తొలి మహిళ’ ఫొటో సరే, బెల్టు సైజు మాటేమిటి?

1943లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరుగా బయటికొచ్చిన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి ఆడపడుచే. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి చంటిపాపతో మిగిలిన మనిషి. ముందే అచ్చయిన పట్టాలో ‘అతడు’ అని ఉంటే కొట్టేసి ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది. ఆ దిద్దుబాటు పట్టా దగ్గరే ఆగిపోయింది. పనిముట్ల దాకా రాలేదు.

తెలంగాణలో మహిళలు హైకోర్టుకెళ్లి మరీ జూనియర్ లైన్‌మన్ పరీక్షకు అర్హత తెచ్చుకున్నారు. 8 మీటర్ల స్తంభం నిమిషంలో ఎక్కి చూపించారు. (పోస్టు పేరు మాత్రం లైన్‌‘మన్’గానే ఉంది.) చప్పట్లు కొట్టాం, ఫొటోలు వేశాం. ఆ తర్వాత స్టోర్‌లో చేతికిచ్చే సామాను సంగతి ఎవరడిగారు?

స్తంభమెక్కేటప్పుడు ఒళ్లంతా చుట్టి కట్టుకునే రక్షణ బెల్టు, ఫుల్ బాడీ హార్నెస్, ఒంటికి అతికి ఉంటేనే పనిచేస్తుంది. పడినప్పుడు కుదుపును భుజాలూ తొడలూ పంచుకోవాలి. వీపు మీద తాడు తగిలించే రింగు రెండు భుజపుటెముకల మధ్యే ఉండాలి. తొడపట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. మగ కొలతలకు కుట్టినదాన్ని చిన్న ఒంటికి ఎంత బిగించినా వదులే. ఛాతీపట్టీ మెడ మీదికి ఎగదన్నుతుంది. తలకిందులుగా పడితే మనిషే అందులోంచి జారిపోవచ్చు. రబ్బరు గ్లౌజులదీ అదే కథ. వేలికొసన ఖాళీ ఉంటే నట్టు చేతికి తెలియదు, ప్లయర్ జారుతుంది. విసుగొచ్చి ‘ఒక్క నిమిషమే కదా’ అని గ్లౌజు తీసేస్తారు. కరెంటుకు ఆ నిమిషం చాలు. చివరికి విచారణ నివేదికలో ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని రాస్తారు.

సమాన జీతం కావాలన్నప్పుడు పరీక్షా సమానంగానే ఉండాలిగా అంటారు కొందరు. ఉండనివ్వండి, స్తంభం ఎత్తు తగ్గించమని ఇక్కడెవరూ అడగలేదు. పొట్టి మగవాడికి కూడా ఆ బెల్టు వదులే.

అసలు రోగం ఇంకా పాతది. పని చోటును బాగుచెయ్యడం కన్నా ఆడవాళ్లను రానివ్వకపోవడం చవక. మన చట్టాలు నడిచిన దారి అదే. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి 7 దాటితే ఆడవాళ్లు పనిలో ఉండకూడదంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలోకే దిగొద్దంది, ఆ తలుపు 2019లో గానీ తెరుచుకోలేదు. సినిమా మేకప్ ఆర్టిస్టుగా యూనియన్ కార్డు కోసమైతే ఆడవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2014లో గానీ దారి దొరకలేదు. రాత్రి దారిలో దీపాలు, బస్సు, మరుగుదొడ్డి పెట్టాల్సిన యాజమాన్యం నిషేధం చాటున ఆ ఖర్చు తప్పించుకుంది. దానికి ‘రక్షణ’ అని పేరు! దేశంలో తొలి మహిళా రైలు డ్రైవర్ సురేఖా యాదవ్ 1988లోనే ఇంజనెక్కారు. నేటికీ చాలా ఇంజన్లలో మరుగుదొడ్డి లేదు. డ్యూటీకి ముందు నీళ్లు తాగడం మానేసే లోకో పైలట్లలో మగవాళ్లూ ఉన్నారు.

కాబట్టి మహిళా దినోత్సవ సన్మానాల జాబితా కాదు, కొనుగోళ్ల టెండరు చూపించండి. అందులో హార్నెస్ ఎన్ని సైజుల్లో అడిగారు? బూటు కొలతలో పాదం వెడల్పు రాశారా? ఆర్డరు పెట్టకముందు శాంపిలు తొడిగి స్తంభమెక్కి చూసిన వాళ్లలో ఆడవాళ్లెందరు?