జిల్లా అమలాపురంలో, పరిషత్తు కాకినాడలో

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. కలెక్టర్ వచ్చారు, ఎస్పీ వచ్చారు, బోర్డులు మారాయి. జిల్లా పరిషత్తు మాత్రం రాలేదు, అది పాత తూర్పు గోదావరి లెక్కన కాకినాడలోనే ఉండిపోయింది. ఒక్క దెబ్బతో 13 జిల్లాలను 26 చేసిన ప్రభుత్వం పరిషత్తుల జోలికి పోలేదు, ఎందుకంటే సభ్యులంతా 2021లో పాత జిల్లాల లెక్కన గెలిచినవాళ్లు, మధ్యలో కదిలిస్తే లేనిపోని తలనొప్పి. తర్వాత ప్రభుత్వం మారింది కానీ ఈ తలనొప్పిని నెత్తికెత్తుకోవడానికి కొత్తవాళ్లకీ తీరిక దొరకలేదు. దాంతో సముద్రం ఒడ్డునున్న అంతర్వేది ఊసు జడ్పీలో ఎత్తాలంటే సఖినేటిపల్లి సభ్యులు వంద కిలోమీటర్లు దాటి కాకినాడ వెళ్లాలి. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వంతెన దిగితే యానాం, అంటే పుదుచ్చేరి. సొంత జిల్లా రోడ్డు గుంతల గురించి అడగడానికి కేంద్రపాలిత ప్రాంతం దాటి పక్క జిల్లాకు పోవడమన్నమాట!

ఇది దూరాభారం గోల మాత్రమే అయితే సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు ఈ నేలలోనే ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది, ఈ పాయల మధ్య, దక్షిణాన సముద్రం దాకా పరుచుకున్న ఒండ్రు నేల కోనసీమ. (పటంలో గౌతమి అవతలి రామచంద్రపురం కూడా కలిసింది, అది వేరే కథ.) ఇక్కడ కాలువ ఎంత ముఖ్యమో డ్రెయిను అంతకంటే ముఖ్యం. చేలోకి వచ్చిన నీరు బయటికి పోవాలి, పోవడానికి వాలు లేదు, పైగా రోజూ పోటు వేళకు సముద్రం ఎదురెక్కుతుంది. పూడిక తీయక, గుర్రపుడెక్క పీకక వదిలేస్తే వానకు చేలు మునుగుతాయి. 2011లో ఈ ప్రాంత రైతులు క్రాప్ హాలిడే అంటూ సార్వా మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు బాధ కూడా చెప్పారు, ఎవరు విన్నారు?

ఇక మొగ దగ్గర, అంటే డ్రెయిను సముద్రంలో కలిసే చోట, ఉప్పునీటికి అడ్డుకట్ట లేకపోతే ఏమవుతుందో శంకరగుప్తం డ్రెయిను చూపించింది. రాజోలు వైపు, కేశనపల్లి చుట్టుపక్కల ఉప్పునీరు తోటల్లోకి చేరి వేలాది కొబ్బరిచెట్లు చచ్చిపోయాయి. కొబ్బరి ఒక్కరోజులో చావదు. ముందు పిందె రాలుతుంది, మట్టలు పండి ఒక్కొక్కటే వేలాడతాయి, చివరికి మొవ్వు వాలిపోయి తల తెగిన మొండెంలా మాను ఒక్కటే నిలబడుతుంది. అన్నాళ్లూ రైతు చూస్తూనే ఉన్నాడు, అర్జీలు పెడుతూనే ఉన్నాడు. 2025 నవంబర్‌లో ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ శాఖ కూడా చూస్తున్న పవన్ కల్యాణ్ వచ్చి ఆ మొండేలను చూశారు. ఆ వెంటనే, కోనసీమకు తెలంగాణ నాయకుల దిష్టి తగిలిందేమోనన్న ఆయన మాట మీద రెండు రాష్ట్రాల నాయకులు తిట్టుకున్నారు. ఆ రగడలో సగమైనా మొగ దగ్గర ఉప్పునీటిని ఆపే తలుపుల గురించి, అంటే స్లూయిజ్ గురించి జరిగుంటే బాగుండేది.

డ్రెయిను జలవనరుల శాఖది. దాని గట్టు మీద ఊళ్లు పంచాయతీలవి. భూమి కింద గ్యాస్ పైపులు కేంద్ర సంస్థలవి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలకు పైగా మండినా, 2014లో నగరం అనే ఊళ్లో పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయినా, తమ ఊరి కింద ఏం పోతోందో అడిగే అధికారం సర్పంచికి లేదు. కనకాయలంక సంగతి ఇంకా విచిత్రం, ఊరు పశ్చిమ గోదావరిలో, బయటికొచ్చే కాజ్‌వే మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం దగ్గర, వరదొస్తే అది మునిగి జనం పడవెక్కాలి. రెండు జిల్లాల ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చుని తేల్చాల్సిన పని ఇది. సఖినేటిపల్లి-నర్సాపురం మధ్య వంతెనా అంతే. శంకుస్థాపనలకు కొదవ లేదు, బైకులూ మనుషులూ మాత్రం ఇంకా పంటు మీదే వశిష్ఠ దాటుతున్నారు.

జిల్లా పరిషత్తు వచ్చినంత మాత్రాన స్లూయిజ్‌కు డబ్బు ఊడిపడదని మాకూ తెలుసు. జడ్పీ చేతిలో ఉన్నది హైస్కూళ్లు, తాగునీటి పథకాలు, కొన్ని రోడ్లు, దానికే నిధులు చాలక ఏడుపు. కానీ జలవనరుల ఇంజినీరును ప్రజలు ఎన్నుకున్నవాళ్లు నిలబెట్టి, పూడిక ఎందుకు తీయలేదని అందరి ముందూ అడిగే చోటు ఈ జిల్లాలో ఒక్కటైనా ఉండాలా వద్దా? కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వడం వేరు, సభలో నిలదీయడం వేరు. జిల్లా స్థాయిలో పంచాయతీ ఉండాలని రాజ్యాంగం 243బి అధికరణమే చెబుతోంది, జిల్లాను మార్చి పరిషత్తును పాత గీతల్లో వదిలేయడం ఆ స్ఫూర్తికి తగదు.

2021లో గెలిచిన సభ్యుల గడువు 2026లో తీరిపోతోంది కాబట్టి మధ్యలో కదిలించలేం అన్న సాకు కూడా దాంతోనే తీరిపోతుంది. తర్వాతి ఎన్నికలు కొత్త జిల్లాల లెక్కనే పెట్టాలి, కోనసీమ పరిషత్తు అమలాపురంలోనే కూర్చోవాలి, మొదటి సమావేశం ఎజెండాలో డ్రెయిన్లు, లంకల రాకపోకలు పైనుండాలి. భవనం లేదంటారేమో. కలెక్టరేట్ సమావేశ మందిరం చాలు, కుర్చీలు కూడా అక్కడే ఉన్నాయి.