కొనేవాడి భాష పట్టని ఎగుమతి

అమెరికా కాకపోతే యూరప్, యూరప్ కాకపోతే జపాన్, అదీ కాకపోతే గల్ఫ్. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచి డెల్టాలో రొయ్యల మీద ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట. ఆ తర్వాత సుంకం ఎటు కదిలినా, ఒకే కొనుగోలుదారును నమ్ముకుంటే ఏమవుతుందో భీమవరం, ఉండి, ఆకివీడు రైతులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2024-25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతైతే విలువలో మూడో వంతుకు పైగా అమెరికాకే వెళ్లింది. కొత్త మార్కెట్లు వెతకాలన్నది సబబైన మాటే. వెతుకుతున్న తీరే సిగ్గుచేటుగా ఉంది. అమెరికాకు పంపిన ఇంగ్లీషు ధరల పట్టికనే పేరు మార్చి మాడ్రిడ్‌కు, ఒసాకాకు, జెద్దాకు పంపి, జవాబు రాలేదని వాపోతున్నారు. అదే ఫొటో, అదే పౌను లెక్క, అదే తేదీ రాత.

మనకు అమ్మడానికి వచ్చినవాడు ఇలా చేయడు. పరదేశపు మేత కంపెనీ భీమవరంలో అడుగుపెట్టాలంటే ముందు తెలుగు వచ్చిన కుర్రాళ్లను పనిలో పెట్టుకుంటుంది. వాళ్లు చెరువు గట్టు మీదికొచ్చి, రొయ్య మేత ఎంత తిన్నదో చూసే చెక్‌ట్రే ఎత్తి చూపించి, మన యాసలోనే మేత లెక్క చెబుతారు. రూపాయి షాంపూ పొట్లం మీద కూడా తెలుగు కనిపిస్తుంది. పురుగుమందు డబ్బాలో స్థానిక భాషలో కరపత్రం ఉండి తీరాలని మన నిబంధనలే చెబుతున్నాయి. అది లేకపోతే రైతు సంఘాలు ధర్నా చేస్తాయి, మేమూ రాస్తాం, రాశాం. మనకు అమ్మేవాడి నుంచి హక్కుగా అడిగే మర్యాదను మన దగ్గర కొనేవాడికి ఇవ్వడానికి మాత్రం మనకు చేతులు రావడం లేదు. ఇది ద్వంద్వ నీతి. దీన్ని వేరే పేరుతో పిలవలేం.

కొనేది దిగుమతిదారు, అతనికి ఇంగ్లీషు వచ్చు, లేబుల్ సంగతి అతనే చూసుకుంటాడు, చివరికి మాట్లాడేది ధరే అని ఎగుమతిదారులు అంటారు. కొంత నిజమే. లేబుల్ చూసుకునేవాడే లాభమూ చూసుకుంటాడన్నది మిగతా నిజం. డెల్టాలో నింపిన పొట్లాల్లో చాలావాటి మీద అక్కడి దుకాణం పేరే ఉంటుంది. వంటింట్లో ఆ పొట్లం విప్పే మనిషితో మాట్లాడే హక్కును మనమే వదులుకున్నాం.

భాష అంటే అక్షరాలు మార్చడమే అనుకుంటున్నారు. కౌంటు దగ్గరే తేడా మొదలవుతుంది. మన రైతుకు 50 కౌంటు అంటే కిలోకు యాభై రొయ్యలు, తలతో, ఒక్కోటి 20 గ్రాములు. అమెరికాలో 41/50 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, తల తీసినవి అన్ని. ఒక్కోటి పది గ్రాముల లెక్క. స్పెయిన్, ఫ్రాన్స్ తలతో ఉన్న రొయ్యను కిలో లెక్కన 40/50 అని కొంటాయి. పట్టికలో కిలోకా పౌనుకా, తలతోనా తల లేకుండానా అన్నది రాయకుండా ఒట్టి అంకెలు పంపితే ఒకే అంకె కింద ఇద్దరి మనసులో రెండు రొయ్యలు ఉంటాయి. కంటైనరు దిగాక పుట్టే తగాదాలకు ఇదొక మూలం. ఆ తగాదాలో కోత పడేది చివరికి చెరువు దగ్గరి ధరలోనే.

తలతో కొనే దేశానికి అమ్మాలంటే ఆ దేశపు వంట తెలియాలి. క్రిస్మస్ పళ్లెంలో రొయ్య మొత్తంగా కనిపించాలి. మీసం విరగకూడదు, తల ఊగకూడదు, నల్లబడకూడదు. నల్లబడటం పట్టుబడి నాడే మొదలవుతుంది. వల నుంచి తీసిన రొయ్యను వెంటనే ఐసు నీళ్లలో ముంచి చంపకపోతే, గట్టు మీద ఎండలో పోగేస్తే, ప్లాంటుకు చేరేసరికే తల దగ్గర నలుపు దిగుతుంది. దాన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లలో ముంచుతారు. యూరప్ చట్టం ప్రకారం సల్ఫైటు కిలోకు 10 మిల్లీగ్రాములు దాటితే ఆ సంగతి లేబుల్ మీద పదార్థాల జాబితాలో కొట్టొచ్చినట్టు కనిపించాలి, అమ్మే దేశపు ప్రజలకు అర్థమయ్యే భాషలో. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైటు పడదు. అంటే ఉండి దగ్గర ఒక చెరువు గట్టున కూలీ తొట్టిలో ఎంత పొడి కలిపాడన్నది ఫ్రెంచిలో ఒక వాక్యంగా తేలాలి. ఆ వాక్యం రాసేవాడికి గట్టు మీద జరిగింది తెలియాలి, గట్టు మీదివాడికి ఆ వాక్యం సంగతి తెలియాలి. ఇద్దరినీ కలిపే మనిషి ఎన్ని ప్లాంట్లలో ఉన్నాడు?

యూరప్ దుకాణంలో రొయ్య పొట్లం మీద వాణిజ్య నామం, శాస్త్రీయ నామం, పెంచినదా పట్టినదా, ఏ దేశానిది, ఇవన్నీ ఉండాలి. ముఖ్య వివరాల్లో x లాంటి చిన్న అక్షరం ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు. బరువులో మంచుపొర కలపకూడదు. 20 శాతం గ్లేజింగ్‌తో కిలో తూగిన పొట్లంలో నికర బరువు 800 గ్రాములే అని రాయాలి. ఆరోగ్య ధ్రువపత్రంలో ఒక పేరు, పెట్టె మీద మరో పేరు ఉంటే సరుకు రేవులోనే ఆగుతుంది. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను 2016 నుంచి యూరప్ పరీక్షిస్తూనే వచ్చింది. అనుమానంతో చూసే కన్ను ముందు లేబుల్ తప్పుతో నిలబడటం ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పాలా?

అంకెలూ భాషే. గడువు తేదీ 03/04 అని రాస్తే అమెరికాలో అది మార్చి 4, ఫ్రాన్స్‌లో ఏప్రిల్ 3. జపాన్, చైనాల్లో ఏడాది ముందు రాస్తారు. పెట్టె మీద 1.250 అని ఉంటే మనకు కిలోంపావు, జర్మనీలో అది పన్నెండొందల యాభైగా చదవబడుతుంది. నెల పేరును అక్షరాల్లో రాయడం, బరువును గ్రాముల్లో ఇవ్వడం పైసా ఖర్చు లేని పరిష్కారాలు. అవీ చేయడం లేదు.

గల్ఫ్‌లో పొట్లం మీద అరబిక్ తప్పనిసరి. అరబిక్ రాని డిజైనరు అనువాదాన్ని కాపీ చేసి పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరుసలో అచ్చవుతాయి. ఒత్తులు ఊడి పక్కన పడిన తెలుగు బోర్డు చూసినప్పుడు మనకు కలిగే చీదరే అక్కడి గృహిణికీ కలుగుతుంది. వండే విధానం బొమ్మలను ఎడమ నుంచి కుడికి పేర్చినా చిక్కే. కుడి నుంచి చదివే కంటికి వేగిన రొయ్య ముందు, పచ్చి రొయ్య తర్వాత కనిపిస్తుంది.

పిండిలో ముంచి వేయించే జపాన్ వంటకం టెంపురాకు కావాల్సింది పెద్ద రొయ్య కాదు, పొడవాటి రొయ్య. తోక ఉంచి, పొట్టు ఒలిచి, పొట్టవైపు గాట్లు పెట్టి, నొక్కి నిటారుగా సాగదీసి, పొడవు కొలిచి ట్రేలో వరుసగా పేరుస్తారు. నొబాషి అంటారు దాన్ని. వియత్నాం, థాయ్‌లాండ్, ఇండొనేసియా ఈ పని నేర్చుకుని ఏళ్లుగా అమ్ముతున్నాయి. మన పీలింగ్ షెడ్లలోని ఆడవాళ్ల చేతులకు ఇది రాని పని కాదు. ఎలా కావాలో కొనేవాడిని అతని భాషలో అడిగినవాళ్లు లేరు.

రొయ్య ఒక్కటే కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్మానాలు జరిగాయి. విదేశానికి వెళ్లే పూతరేకుల పెట్టె మీద ‘డ్రైఫ్రూట్’ అని రాసి ఊరుకుంటే, ఇంగ్లీషు దేశాల్లో ఆ మాటకు ఎండుద్రాక్ష, ఖర్జూరం లాంటివే గుర్తొస్తాయి. లోపల ఉన్నవి జీడిపప్పు, బాదం, పిస్తా. గింజలు పడని పిల్లవాడు అది తింటే ఆసుపత్రి పాలవుతాడు, ప్రాణమే పోవచ్చు. అమెరికా చట్టం ఏ గింజకా గింజ పేరు రాయమంటుంది. నెయ్యి ఉంది కాబట్టి పాలు అని కూడా రాయాలి. అలవాటు లేనివాడు ఆ పొరను కాగితమనుకుని ఒలిచి పారేయకుండా, మడత విప్పకుండా అలాగే తినమని రెండు ముక్కలు చెప్పాలి. ఈ రెండు ముక్కలు రాయించడానికి ఎంతవుతుంది?

లేసు సంగతి ఇంకా బాధాకరం. అమెరికాలో సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌కు ట్రెబుల్. ఆర్డరు ఏ దేశపు మాటల్లో వచ్చిందో మధ్యవర్తి అడగకుండా పంచేస్తే కుట్టు ఎత్తు మారి, టేబుల్ గుడ్డ కొలత తప్పి, సరుకు తిరిగొస్తుంది. గుడ్డి దీపాల కింద కళ్లు పోగొట్టుకుని అల్లిన ఇంటి ఆడవాళ్లకు కూలి ఆగిపోతుంది. మాటల్లో వచ్చిన ఆర్డరును కుట్టు గుర్తుల పటంగా గీయించి, నమూనా ముక్క మీద సెంటీమీటర్లలో ఒప్పుదల తీసుకున్నాకే పని పంచాలి. యూరప్‌కు వెళ్లే గుడ్డ మీద నూలు శాతం ఆ దేశ భాషలో ఉండాలన్నదీ చట్టమే. అంబాజీపేట వైపు నుంచి వెళ్లే, మొక్కల కుండీల్లో వాడే కొబ్బరి పొట్టు ఇటుకకూ కొనేవాడి భాషే కావాలి. ఎన్ని లీటర్ల నీళ్లు పోయాలో, ఉప్పదనం ఎంతో అర్థం కాని తోటమాలి రెండోసారి కొనడు.

ఖర్చు సాకుకు జవాబు ప్యాకింగ్ ముద్రించేవాళ్ల దగ్గరే ఉంది. పొట్లాల ప్లాస్టిక్ మీద వేసే గ్రావ్యూర్ అచ్చులో రంగుకో చెక్కిన సిలిండరు ఉంటుంది. మాటలన్నీ నలుపులోనే ఉంచి, బొమ్మలను మిగతా రంగుల్లో పెట్టుకుంటే, భాష మారినప్పుడల్లా మార్చాల్సింది నలుపు సిలిండరు ఒక్కటే. ఇంగ్లీషు కంటే జర్మన్ ఎక్కువ చోటు తింటుంది కాబట్టి మూడో వంతు ఖాళీ ముందే వదలాలి. తక్కువ సరుకైతే స్టిక్కరు చాలు. కాకపోతే గడ్డకట్టే చలికి తట్టుకునే జిగురుది కావాలి, పొట్లం పొడిగా ఉన్నప్పుడే అంటించాలి. తడి మీద అంటించినది మైనస్ 18 దగ్గర ఊడిపోతుంది, ఊడితే ఆ సరుకు లేబుల్ లేని సరుకు.

ఫోన్‌లో అనువాదం వస్తోంది కదా అనేవాళ్లు పెరిగారు. చిత్తు ప్రతికి వాడుకోండి, తప్పులేదు. అది తప్పు చెప్పినప్పుడు పట్టుకునే మనిషి ప్లాంటులో లేకపోవడమే ప్రమాదం. తల తీసినది, పొట్టు తీసినది, నరం తీసినది, తోక ఉంచినది: ఇవి వ్యాపారపు మాటలు. వీటికి ఏ దేశపు వ్యాపారులు ఏమంటారో ఒక పట్టిక రాసుకోవాలి. ఆ దేశంలో ఉండేవాడితో అనువాదం చేయించి, అసలు చూడని ఇంకొకరితో వెనక్కి మనకు అర్థమయ్యే భాషలోకి తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. దిగుమతిదారు ఆఖరి నమూనా మీద సంతకం చేశాకే సిలిండరు చెక్కించాలి. ఈ వరుసలో ఒక్క మెట్టు దాటేసినా అచ్చయిన పొట్లాల ప్లాస్టిక్ ఫిల్మంతా తుక్కుకే పోతుంది.

ప్రభుత్వాల బాధ్యత ఇక్కడే ఉంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ప్రదర్శనల్లో స్టాళ్లకు పెట్టే సొమ్ములో కొంత తీసి పది భాషల్లో ఈ పదాల పట్టిక తయారుచేయించి అందరికీ ఉచితంగా ఇవ్వాలి. లేబుల్ నమూనాలు చూసిపెట్టే ఒక విభాగం భీమవరంలో తెరవాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్, అరబిక్, జపనీస్, రష్యన్ చదివిన పిల్లలు ఉన్నారు. వాళ్లలో మన జిల్లాల వాళ్లూ ఉంటారు. వాళ్లకు ఏడాది జీతంలో సగం భరిస్తామని రాష్ట్రం ముందుకొస్తే చిన్న ప్లాంటు కూడా ఒకరిని పెట్టుకోగలదు. బ్రిటన్‌తో 2025 జులై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయని ఊరేగింపులు చేసినవాళ్లు, ఆ ఒప్పందం అమలుకు కావాల్సిన మనుషులను ఎక్కడి నుంచి తేవాలో ఒక్క మాట చెప్పలేదు.

ఎగుమతిదారులారా, క్రిస్మస్ సరుకు అక్టోబరులో ఓడెక్కాలంటే లేబుల్ నమూనా జులైలోగా తేలాలి. ఓడ ప్రయాణానికే నెల పడుతుంది, ఆఫ్రికా చుట్టి వెళితే ఇంకా ఎక్కువ. తెలుగు రాని కంపెనీ మేత మీరు మీ సొంత చెరువులో వేయరు. అదే మీరు స్పెయిన్ వంటింటికి ఇంగ్లీషు పొట్లం పంపుతారు. అక్కడ అమ్ముడుపోకపోతే ఇక్కడికొచ్చి ‘మార్కెట్ లేదు’ అంటూ రైతు దగ్గర కౌంటుకింత అని కోస్తారు. ఈ సీజన్లో ఆ మాట అనే ముందు, ఆ మార్కెట్‌కు దాని భాషలో మీరు పంపిన ధరల పట్టిక ఏదో రైతుకు చూపించండి. చూపించలేకపోతే ఆ కోత మీ లాభంలోంచి పెట్టుకోండి.