డిటెన్షన్ పెడితే ఏడో తరగతి పిల్లాడికి చదువు మీద ఆసక్తి వస్తుందా?

"ఎనిమిది దాకా ఎవర్నీ ఫెయిల్ చేయొద్దన్నారు, భయం పోయింది, అందుకే హైస్కూలు పిల్లలకి చదువు ఎక్కట్లేదు, మళ్లీ డిటెన్షన్ పెడితే దారికొస్తారు" అని ఒక మెసేజ్ టీచర్ల గ్రూపుల్లో, పేరెంట్స్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. డిటెన్షన్ అంటే ఫెయిలైన పిల్లల్ని అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టడం. ఈ మెసేజ్‌ని నమ్మితే నష్టపోయేది ఇప్పటికే వెనకబడిన పిల్లలు, అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్తున్నాను.

పరీక్షలే లేకుండా పోయాయట. తప్పు. విద్యాహక్కు చట్టం ఆపింది అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టడాన్ని, పరీక్షల్ని కాదు. ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) ఏడాది పొడుగునా జరుగుతూనే ఉన్నాయి. ఆ మార్కులు రిజిస్టర్‌లో ఎక్కాక వెనకబడ్డ పిల్లాడికి మళ్లీ కూర్చోబెట్టి చెప్పే టైమే చాలా బడుల్లో ఎవరికీ ఉండట్లేదు.

చట్టం రాకముందు అందరూ బాగా చదివేవాళ్లట. చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడటానికి ప్రథమ్ అనే సంస్థ చేసే అసర్ సర్వే ఉంది. 2009 అసర్‌లోనే మన దేశపు పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. 2023లో అదే సంస్థ 28 జిల్లాల పల్లెల్లో 14-18 ఏళ్ల వాళ్లని పరీక్షిస్తే, సుమారు నాలుగో వంతు మంది సొంత భాషలో ఆ స్థాయి పాఠం తడుముకోకుండా చదవలేకపోయారు, సగం కంటే ఎక్కువ మందికి మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం రాలేదు. భాగహారం రాని పిల్లాడు ఎనిమిదో తరగతిలో బీజగణితం వింటూ కూర్చున్నాడు, వాడికి లేనిది భయమా?

ఇక అసలు మాట, భయం లేకే ఆసక్తి పోయిందని. ఆరో తరగతిలో ఏం మారుతుందో చూడండి. ఐదు దాకా ఊళ్లో బడి, ఒకరిద్దరు టీచర్లు, వాళ్లకి పిల్లాడి ఇంటి సంగతులు కూడా తెలుసు. ఆరులోకి రాగానే చాలామందికి పక్క ఊరి జడ్పీ హైస్కూలు, సబ్జెక్టుకో సారు, గంట కొట్టగానే ఇంకొకరు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాక్వెలిన్ ఎక్లెస్ బృందం స్మార్ట్‌ఫోన్లు పుట్టకముందే ఇలాంటి మార్పు మీద పనిచేసింది. తన మాటకి విలువ కావాలని, దగ్గరగా ఉండే పెద్దవాళ్లు కావాలని పిల్లలు కోరుకునే వయసులోనే బడి అదుపు పెంచి దగ్గరతనం తగ్గిస్తుందని, ఆసక్తి జారిపోవడానికి ఆ పొసగకపోవడం ఒక ముఖ్య కారణమని 1990ల మొదట్లోనే చెప్పారు.

స్ట్రిక్ట్‌గా ఉండే బడిలో పిల్లలు నోరెత్తరు కాబట్టి శ్రద్ధగా ఉన్నట్టేనట. 2004లో ఫ్రెడ్రిక్స్, బ్లుమెన్‌ఫెల్డ్, పారిస్ అనే పరిశోధకులు చదువులో పిల్లలు లీనమవడాన్ని మూడుగా విడదీశారు: నడవడిక, మనసు, ఆలోచన. బడికి రావడం, కుదురుగా కూర్చోవడం మొదటిది మాత్రమే.

డిటెన్షన్ సంగతికొస్తే, అమెరికాలోని షికాగో పిల్లల మీద జేకబ్, లెఫ్‌గ్రెన్ అనే పరిశోధకులు 2009లో వేసిన పేపర్ ఉంది. ఆరో తరగతిలో ఆపిన పిల్లల్లో బడి మానేయడం పెద్దగా పెరగలేదు, కానీ ఎనిమిదిలో ఆపిన వాళ్లలో స్పష్టంగా పెరిగింది. మన విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ కూడా ఫెయిలైన పిల్లలకి ముందు అదనంగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టమంటుంది. మెసేజ్ రాసినవాళ్లు ఆ ముక్క వదిలేశారు.

నిజంగా కారణం తెలుసుకోవాలనుకునేవాళ్లు ఐదో తరగతి నుంచి తొమ్మిది దాకా అదే పిల్లల్ని ఏటేటా కలవాలి, టీచర్ పక్కన లేకుండా మాట్లాడాలి. సర్వే రోజు హాజరైన వాళ్లని లెక్కేసుకుని వచ్చేస్తే కుదరదు, ఆ రోజు పత్తి ఏరడానికి వెళ్లిన పిల్లల్ని సాయంత్రం ఇంటికెళ్లి అడగాలి.