డీబగ్గర్ పెట్టి చూడమని నాకిక చెప్పకండి

రాత్రి రెండున్నరకి ఫోన్. పేమెంట్ సర్వీస్ పదేపదే రీస్టార్ట్ అవుతోంది. ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు, సీనియర్ అన్న మెసేజ్: "లోకల్‌లో డీబగ్గర్ పెట్టి చూడమ్మా, తెలిసిపోతుంది."

ఏం తెలుస్తుంది అన్నా? డీబగ్గర్ అంటే నడుస్తున్న కోడ్‌ని మధ్యలో ఆపి లోపల చూసే పనిముట్టు. లోకల్‌లో, అంటే నా సొంత కంప్యూటర్‌లో, నేనొక్కదాన్నే యూజర్ని. డేటాబేస్ కనెక్షన్లని పంచిపెట్టే హికారీ పూల్‌లో డీఫాల్ట్‌గా ఉండే 10 కనెక్షన్లు నా ఒక్కదానికి ఎప్పటికి అయిపోవాలి? పోనీ అసలు యూజర్లు వాడే ప్రొడక్షన్‌లోనే బ్రేక్‌పాయింట్ పెట్టి కోడ్‌ని ఆపుదామా? అక్కడ ఆగిన థ్రెడ్ (ఒక్కో రిక్వెస్ట్ పని నడిపేది) వెనకాల ఒక మనిషి డబ్బు కట్టి ఎదురుచూస్తుంటాడు. ప్రాసెస్ మొత్తం ఆగిందంటే సర్వర్ల మీద సర్వీసుల్ని నడిపే కుబర్నెటీస్ ఊరుకోదు. మేం మార్చకుండా వదిలేసిన సెట్టింగుల్లో దాని లైవ్‌నెస్ ప్రోబ్ 10 సెకన్లకోసారి "బతికే ఉన్నావా?" అని అడుగుతుంది, వరసగా 3 సార్లు జవాబు రాకపోతే సర్వీస్ నడిచే కంటైనర్‌ని చంపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. దాంతోపాటే సాక్ష్యమూ పోతుంది.

బ్రేక్‌పాయింట్ ఏదీ లేకుండానే రాత్రి జరిగింది సరిగ్గా అదే. రెండు రీస్టార్ట్‌ల మధ్య ఎలాగో జేస్టాక్ అనే జావా టూల్‌తో, ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపించే ఒక థ్రెడ్ డంప్ పట్టుకున్నాను. వెబ్ రిక్వెస్టులు అందుకునే టామ్‌క్యాట్ సర్వర్ థ్రెడ్లు 200, దాదాపు అన్నీ కనెక్షన్ కోసమే నిలబడి ఉన్నాయి. ఇక ప్రోబ్‌కి జవాబెవరు చెప్తారు? రీఫండ్ కోడ్‌లో ఎర్రర్ వచ్చిన దారిలో ఎవరో కనెక్షన్ క్లోజ్ చేసి పూల్‌కి తిరిగి ఇవ్వలేదు. అంతే. ఇది కనుక్కునేసరికి తెల్లారింది.

ఎన్ని కనెక్షన్లు వాడకంలో ఉన్నాయి, ఎంతమంది క్యూలో ఉన్నారు, ఈ లెక్కలు హికారీ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. వాటిని, ఇలాంటి లెక్కలు పోగుచేసే ప్రొమీథియస్‌కి కనబడేలా బయటపెడితే చాలు, క్యూ పెరగడం మొదలైనప్పుడే గ్రాఫ్‌లో కనిపించేది. ఇదేమీ కొత్త విద్య కాదు. ప్రొమీథియస్ మొదలైంది 2012లో. గో భాషలోనైతే లోపలి లెక్కలు బయటికి చూపించే ఎక్స్‌పీవార్ ప్యాకేజీ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది.

మూడు నెలల కింద ఇదే మార్పు నేను రివ్యూకి, అంటే టీమ్‌లో మిగతావాళ్ళు చూసి ఒప్పుకోవడానికి, పెట్టాను. "అనవసరపు కోడ్" అని ఒక్క మాట రాసి కొట్టేశారు. ఆ మాట రాసిన మనిషి పేరు రాత్రి ఫోన్ వస్తే లేవాల్సినవాళ్ళ ఆన్‌కాల్ లిస్టులో ఇంతవరకూ చూడలేదు. అసలు నా కడుపు మంట అదే. కోడ్ రాసేది ఒకరు, అర్ధరాత్రి లేచేది మరొకరు. మా పాప ఫోన్ మోతకి లేచి ఏడుస్తుంటే ఒక చేత్తో జోకొడుతూ ఇంకో చేత్తో లాగ్‌లు వెతికాను. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో "ఎందుకింత టైమ్ పట్టింది?" అని అడిగింది కూడా నన్నే.

ఆ మార్పు మళ్ళీ రివ్యూకి పెట్టాను. ఈసారి కొట్టేసేవాళ్ళు శనివారం రాత్రి ఆన్‌కాల్‌కి తమ పేరు రాసి కొట్టేయండి.